పూలు అందరివీ, చీపురు ఎవరిది?

ఇంటి ఆవరణలో చెట్టు పెట్టేవాళ్ళని మన కాలనీల్లో మొదట అడిగే ప్రశ్న ఒకటే: దేనికి పనికొస్తుంది? మామిడికి, కొబ్బరికి, మునగకి, కరివేపాకుకి ఈ ప్రశ్నతో ఇబ్బంది లేదు. వేపకి కూడా లేదు. నీడ ఉంది, గాలి ఉంది, ఉగాది పచ్చట్లోకి పూత ఉంది. రేల చెట్టు పెట్టినవాళ్ళకే జవాబు తడబడుతుంది.

రేల అంటే ఏప్రిల్, మే నెలల్లో పసుపుపచ్చ గుత్తులు వేలాడేసుకుని నిలబడే చెట్టు. మలయాళీలు విషు రోజున పొద్దున్నే కళ్ళు తెరిచి చూసే కణిలో పెట్టుకునే కొన్నపువ్వు ఇదే. కేరళకి రాష్ట్రపుష్పం, థాయ్‌లాండ్‌కి జాతీయపుష్పం. ఇన్ని బిరుదులున్నా మా పక్కింటి అంకుల్ లెక్కలో దీని విలువ సున్నా. ఆయన లెక్కని అంత తేలిగ్గా కొట్టిపారేయలేం కూడా. సరిగ్గా నీడ కావలసిన ఎండాకాలంలో ఈ చెట్టు ఆకులు రాల్చేస్తుంది. మూరెడు పొడుగున్న నల్లటి కాయలు కాస్తుంది కానీ అవి తినేవి కావు. లోపలి గుజ్జు విరేచనాలకి మందు. ఆయుర్వేదంలో ఆరగ్వధం అంటారు. అదేమీ రోజూ వాడే సరుకు కాదు కదా. అంటే రెండు వందల గజాల ఇంట్లో, గజం ధర చెప్తే బంధువులు గుండె పట్టుకునే ఊళ్ళో, ఒక చెట్టుకి ఇచ్చిన చోటుకి ప్రతిఫలం ఏడాదికి ఐదారు వారాల పసుపు రంగు. అంతే.

అది చాలదా అన్నది పాత ప్రశ్నే. 1790లో వచ్చిన తన పుస్తకంలో అందం గురించి ఆలోచిస్తూ కాంట్ పువ్వునే ఉదాహరణగా తీసుకున్నాడు. పువ్వు మొక్క తన సంతానం కోసం పెట్టుకున్న అంగం అని వృక్షశాస్త్రం తెలిసినవాడికి తెలుసు. కానీ ఆ పువ్వు అందంగా ఉందని అనేటప్పుడు వాడు కూడా ఆ సంగతి లెక్కలోకి తీసుకోడు అంటాడాయన. పనితో సంబంధం లేకుండా నచ్చడమే అందం లక్షణం అని. ఈ మాట దగ్గర ఆగిపోతే అంకుల్‌కి జవాబు దొరికినట్టే. కానీ కాంట్ రాసింది పువ్వుని చూసే మనిషి గురించి, పెంచే మనిషి గురించి కాదు. చూడ్డానికి కళ్ళుంటే చాలు. పెంచడానికి చోటు కావాలి, నీళ్ళు కావాలి, గోడకి అటు పక్క మనుషులు ఉంటారు. చూసేవాడికి అందం ఉచితం. పెంచేవాడి చేతిలోకి రాగానే దానికో ఖర్చు వస్తుంది. ఆ ఖర్చు ఎవరెవరి మీద పడుతుందన్నదే ఇక్కడ నా ప్రశ్న.

ముందు పెంచడం గురించి. రేల గింజ పెంకు చాలా గట్టిది. ఊరికే మట్టిలో పాతితే నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. ఒక అంచున ఆకురాయితో గీరి, రాత్రంతా నీళ్ళలో నానబెడితే మొలకెత్తే అవకాశం బాగా పెరుగుతుంది. అడవిలో ఈ గింజల్ని ఊరూరా తిప్పే పని ఎలుగుబంట్లూ నక్కలూ చేస్తాయి, గుజ్జు మీద ఆశతో కాయ తిని. మాకు అలాంటి చుట్టాలు లేరు కాబట్టి ఆకురాయే దిక్కు. 2014 వానాకాలంలో, రెండడుగుల గొయ్యి తీసి, ప్రహరీకి పది అడుగుల దూరంలో జానెడు మొక్కని పెట్టాం. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్ళు పోశాం. తర్వాత తగ్గించాలి. నీళ్ళూ ఎరువూ ఎక్కువైతే గుబురుగా ఆకు పెడుతుంది కానీ పూత మీద ధ్యాస ఉండదు. నారు పోసినవాడు నీరు పోయడా అని సామెత. రేల విషయంలో నారు పోసినవాడు నీరు ఆపడం కూడా నేర్చుకోవాలి. రోజంతా ఎండ తగలాలి. కొమ్మలు కత్తిరించాలంటే పూత అయిపోయిన వెంటనే కత్తిరించాలి. ఇవన్నీ చేసినా ఎప్పుడు పూయాలో అది చెట్టు ఇష్టం. ఐదేళ్ళు మా ఇంట్లో ఒక మామూలు ఆకుపచ్చ చెట్టుగా ఉండిపోయింది.

పూసిన తర్వాత తెలిసేది ఏమిటంటే, ఆ పని మనకోసం జరగట్లేదని. రేలపువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. పది కేసరాల్లో మూడు పొడుగ్గా, వంపు తిరిగి ఉంటాయి. నల్లటి పెద్ద తుమ్మెదలు వచ్చి పువ్వుని పట్టుకుని ఝుమ్మని వణికిస్తే పుప్పొడి రాలుతుంది. ఇంకోవైపు పచ్చటి సీతాకోకచిలుకల గొంగళ్ళు లేత ఆకుల్ని తినేస్తుంటాయి. కాబట్టి పనికిరాని చెట్టు అన్న మాట తప్పు. మనకి పనికిరాని చెట్టు, అంతవరకే నిజం. ఈ మాత్రం తేడా తెలిస్తే మన ఆవరణలో మనం ఒక్కళ్ళమే బతకడం లేదన్న స్పృహ వస్తుంది. ఇది చాలామంది రాశారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ తుమ్మెదలతో మన నైతికత తేలిగ్గా పూర్తయిపోతుంది. తుమ్మెద మనల్ని ఏమీ అడగదు. కష్టం మనుషుల దగ్గర మొదలవుతుంది.

గోడ పక్కన పెట్టిన ఏ చెట్టయినా వెలుతురు ఎటుంటే అటు వాలుతుంది. మూడు వైపులా మూడంతస్తుల ఇళ్ళున్న చోట వెలుతురు రోడ్డు మీదే ఉంటుంది. అంచేత మా రేల మొదలు మా ఇంట్లో ఉంది, పూలన్నీ రోడ్డు మీద ఉన్నాయి. నా గది కిటికీలోంచి చూస్తే మాను, దాని మీద పాకే చీమలు కనిపిస్తాయి. అసలు అందం కనిపించేది ఎదురింటి బాల్కనీకి, స్కూలు ఆటో కోసం నిలబడే పిల్లలకి, డెలివరీ బండి ఆపుకుని ఫోన్ చూసుకునే కుర్రాళ్ళకి. ఆ రకంగా ఇది స్వార్థం లేని ఆస్తి. కాగితాల మీద నాది, కళ్ళకి మాత్రం వీధిది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ పూలు ఏ దారిన బయటికి వెళ్ళాయో, రాలడం కూడా అదే దారిన వెళ్తుంది. మార్చిలో ఆకులు, మేలో రేకులు, చలికాలం నుంచి కాయలు. ఆ రేకులు పక్కింటి అంకుల్ కారు అద్దం మీద, ఎదురింటి మెట్ల మీద, అన్నిటికన్నా ఎక్కువగా తారు రోడ్డు మీద పడతాయి. ఆ రోడ్డుని రోజూ తెల్లారకముందే ఒకామె ఊడుస్తుంది.

మా చెట్టు మొదటిసారి పూసింది 2020 మేలో. లాక్‌డౌన్. ఆ వీధిలో నడిచే మనిషి లేడు. స్కూలు ఆటోలు లేవు, పిల్లలు లేరు. ఆరేళ్ళు ఎదురుచూసిన పూలని రోజూ దగ్గరగా చూసిన పరాయి మనిషి ఆమె ఒక్కతే, ఎందుకంటే లాక్‌డౌన్ లేనిది ఆమె పనికే. అంతకుముందు మార్చి 22న మనమంతా బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టింది ఆమెలాంటి వాళ్ళ కోసం కూడా. ముక్కుకి చున్నీ కట్టుకుని, పొడుగు కర్రకి కట్టిన చీపురుతో, మా గేటు ముందు మిగతా గేట్ల ముందుకన్నా ఎక్కువసేపు ఆగేది. పూలెలా ఉన్నాయక్కా అని గోడ మీంచి అడిగాను.

"పూలు సూడనీకి మస్తుంటయ్ మేడం. ఊడ్వనీకే కష్టం. వాన వడ్డదంటే రోడ్డుకు అతుక్కుంటయ్, చీపురుకు రావు. మీ ఇంటి ముంగటనే పావుగంట ఎక్కువైతది."

కాసేపాగి, "మా దిక్కు గుట్టల మీద ఈ చెట్లు శాన ఉంటయ్. ఆడ ఎవలూ ఊడ్వరు" అంది. ఆమెది పాలమూరు వైపు.

ఆడ ఎవలూ ఊడ్వరు. ఈ విషయం మీద నేను చదివిన దేనికన్నా ఈ మాట ఎక్కువ దూరం వెళ్తుందనిపిస్తుంది. గుట్ట మీద రాలిన రేకు నేల మీద పడుతుంది, నేల అవుతుంది. మా వీధిలో రాలిన రేకు తారు మీద పడుతుంది, చెత్త అవుతుంది. పువ్వు అదే. కింద ఉన్నది మారింది. మనం నేలంతా కప్పేశాక, దాని మీద ఏది పడినా తీసెయ్యాల్సిందే. తీసేసేది మనిషి చెయ్యి. అంటే ఊళ్ళో పెంచే ప్రతి పూలచెట్టుతో పాటు, నర్సరీ వాడు చెప్పని ఒక పని కూడా నాటుతున్నాం. ఆ పని చేసే మనిషికి మనం నాటేటప్పుడు చెప్పం, అడగం.

పువ్వు గురించి నైతిక ప్రశ్న అనగానే తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది కరుణశ్రీ ‘పుష్పవిలాపం’, అదీ ఘంటసాల గొంతులో. అందులో పూలు తమని కోయవచ్చిన మనిషితో మొరపెట్టుకుంటాయి. కోసే చెయ్యి గురించి మనం అంత కదిలిపోయాం, మంచిదే. రాలినవాటిని ఎత్తే చెయ్యి గురించి అంత ఆలోచించినట్టు లేదు. మన కథల్లో, సినిమాల్లో రాలే పూలెప్పుడూ వాన, లేకపోతే తివాచీ. మే నెలలో ఫోన్లలో తిరిగే పసుపు రోడ్డు ఫొటోలు చూడండి. అన్నీ పొద్దున ఊడ్చకముందు తీసినవి, లేదా ఊడ్చడం మానేసిన పార్కుల్లో తీసినవి. ఫ్రేములో చీపురు ఉంటే ఆ ఫొటోకి అన్ని లైకులు రావు. అందాన్ని చూడ్డం అంటే దాని చుట్టూ ఉన్న పనిని చూడకపోవడం అని మన కళ్ళకి అలవాటైపోయింది. బహుశా కాంట్ చెప్పిన, పనితో సంబంధం లేని ఆ ఇష్టం మన వీధుల్లో సాధ్యమవుతున్నది పని వేరేవాళ్ళ వంతు కాబట్టే.

దీనికి రెండు జవాబులు తరచుగా వింటాం. ఒకటి: అది ఆమె ఉద్యోగం, జీతం తీసుకుంటోంది కదా. నిజమే. కానీ ఆమె జీతం రేకుల లెక్కన రాదు. ఆమెకి ఇచ్చింది కొంత దూరం రోడ్డు, కొంత సమయం. సూపర్‌వైజర్ వచ్చేసరికి ఆ దూరమంతా శుభ్రంగా కనపడాలి. మా చెట్టు ఆ పనికి పావుగంట కలుపుతుంది, జీతానికి ఏమీ కలపదు. ఆ పావుగంట ఆమె ఎక్కణ్ణుంచో తీసుకురావాలి, టీ తాగే సమయంలోంచో, ఇంటికెళ్ళి వండే సమయంలోంచో. ఉద్యోగం అన్న మాట ఆ పావుగంటని కనపడకుండా చేస్తుంది, లేకుండా చేయదు.

రెండో జవాబు పక్కింటి అంకుల్‌ది. "పాపం ఆమెకి ఎంత కష్టం, కొట్టించెయ్యమ్మా." చెట్టు మీద కోపం మనిషి మీద జాలిలా మాట్లాడటం నేర్చుకున్న సందర్భం ఇది. తన కారు అద్దం గురించి చెప్పుకోవడానికి మొహమాటపడి, ఎండలో పనిచేసే ఆమెని వకీలుగా పెట్టుకున్నాడాయన. ఊరికే కొట్టెయ్యడానికి లేదు, 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అనుమతి అవీ ఉంటాయి. చట్టం సంగతి అలా ఉంచుదాం. కొట్టేస్తే ఏం మిగులుతుంది? ఊడ్చడానికి చాలా తేలికైన వీధి. ఏమీ రాలని వీధి. అలాంటి వీధులు మా కాలనీలోనే రెండు మూడు ఉన్నాయి. మే నెల మధ్యాహ్నం వాటిలో కుక్క కూడా పడుకోదు. శుభ్రతని చివరిదాకా సాగదీస్తే దొరికేది అదే.

కొట్టించేద్దామంటున్నారు, నువ్వేమంటావని ఆమెనే అడిగితే, "చెట్టు మీద నాకేం పగ మేడం? ఎవలు ఎత్తుతరో గది చెప్పుండ్రి సాలు" అంది. ఇందులో రెండో వాక్యమే అసలు ప్రశ్న. అంకుల్‌కి చెట్టుండాలా వద్దా అన్నది సమస్య. నాలాంటివాళ్ళకి అందం అవసరమా అన్నది సమస్య. ఆమెకి రెండూ కావు. ఆమె అడుగుతున్నది పంపకం గురించి.

పంపకం అనుకుంటే జవాబు ఇక అంత గంభీరంగా ఉండదు. మా ఇంట్లో ఇప్పుడు పూత రోజుల్లో పొద్దు గుంకాక ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి రోడ్డు మేమే ఊడుస్తాం. రేకులన్నీ తెచ్చి చెట్టు పాదులో వేస్తాం. గుట్ట మీద నేల చేసే పనిలో కొంత ఆ పాదు చేస్తుంది. కాయలు నేల మీద పడి బళ్ళ కింద నలిగి జిగటగా అంటుకోకముందే కొక్కెం కర్రతో లాగేస్తాం. ఎదురింటి మెట్లు కూడా మా లెక్కలోనే. రాత్రి పన్నెండు నుంచి తెల్లారి ఐదు దాకా రాలేవి మాత్రం ఇంకా ఆమె మీదే పడుతున్నాయి. ఆ మిగిలిన దాన్ని ఏం చేయాలో నాకు పూర్తి పరిష్కారం లేదు. రెండు నిమిషాలు కావచ్చు, ఐదు కావచ్చు. అది మిగిలిందని తెలిసి ఉండటమే ప్రస్తుతానికి చేయగలిగింది.

ఈ ఏర్పాటులో కష్టమైనది ఊడ్చడం కాదు. పదిహేను నిమిషాల పని, నడుం కొద్దిగా నొప్పి పుడుతుంది, అంతే. కష్టం వీధి చూపులది. గేటు లోపల ముగ్గు వేయడానికి ఊడిస్తే ఇల్లాలి ముచ్చట. అదే చీపురుతో గేటు దాటి రోడ్డు మధ్యకి వస్తే, "మీరెందుకండీ, ఆమె ఉంది కదా" అని నాలుగు గొంతులు. మా నాన్న చీపురు పట్టుకుంటే ఆ గొంతులు ఇంకాస్త కంగారుపడతాయి. ఆ కంగారు మా నడుముల మీద దయతో వచ్చింది కాదు. ఇంటి ముందు గీత ఒకటుంది, దానికి అటువైపు చెత్త ఎవరు ఎత్తాలో ముందే నిర్ణయమైపోయింది. ఏ కులాలవాళ్ళకి ఆ పని వంశపారంపర్యంగా దక్కిందో మనందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనక్కర్లేదు. మూడొందల ఏళ్ళ నాటి జర్మన్ తత్వవేత్తతో అందం గురించి వాదించడం కన్నా మా గేటుకి నాలుగడుగుల అవతల చీపురు పట్టుకుని నిలబడటం ఎందుకు కష్టంగా ఉందో ఆలోచిస్తే, నీతి అన్నది మా వీధిలో ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది. కాంట్‌కి 2024లో మూడొందలు నిండాయి, 1724లో పుట్టాడు.

మేము ఊడ్చినంత మాత్రాన ఆ గీత చెరిగిపోయిందని చెప్పడం అబద్ధం. ఏడాదికి ఆరు వారాలు ఇష్టంతో చేసే పనికీ, ఏడాదంతా గత్యంతరం లేక చేసే పనికీ పోలిక లేదు. నాకు విసుగొస్తే మానేయొచ్చు. ఆమెకి ఆ వీలు లేదు. దీన్ని త్యాగంలా చెప్పుకుంటే అంకుల్ జాలికీ నా చీపురుకీ పెద్ద తేడా ఉండదు. నేను చెప్పదలుచుకున్నది దానికన్నా చిన్నది: చెట్టు నాదని పన్ను రసీదు చూపించగలిగితే, అది రాల్చింది కూడా నాదే. పూలు వీధికి ఇచ్చి గొప్ప అనిపించుకుని, రేకులు కూడా వీధికే వదిలేస్తే, ఆ ఇవ్వడం సగం అప్పు. అప్పున్నవాడు ఉదారంగా కనిపించడం మనకి కొత్త కాదు.

దీని వల్ల చెట్లు పెట్టడానికి ఎవరైనా వెనకాడితే నా వాదన దారి తప్పినట్టే. ఊళ్ళలో ఎండాకాలం పూసే చెట్లు ఇంకా కావాలి. రేల కావాలి, ఊదారంగు వరగోగు కావాలి, మడగాస్కర్ నుంచి వచ్చి మనదైపోయిన ఎర్ర తురాయి కూడా, కొమ్మ విరిగినా ఎవరి మీదా పడనంత చోటుంటే, కావాలి. కాకపోతే నర్సరీకి వెళ్ళినప్పుడు మనం రెండు ప్రశ్నలు అడుగుతాం: ఎంత ఎత్తు పెరుగుతుంది, ఎన్నేళ్ళకి పూస్తుంది. ఇంకో రెండు కూడా అడగొచ్చు: ఏ నెలలో ఏం రాలుస్తుంది, అది ఎక్కడ పడుతుంది. నర్సరీ అతను కొంచెం వింతగా చూస్తాడు, కానీ చెప్తాడు. అతనికి తెలుసు, అక్కడ రోజూ ఊడ్చేది అతనే.